ఇరవై రొయ్యలు

మా ఆడపడుచు బొటనవేలు తెగింది. రొయ్యలు ఒలిచే కత్తి లోతుగా దిగినా పిల్ల అరవలేదు. గంటల తరబడి మంచునీళ్లలో నానిన చేతికి నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. తొట్టిలో నీళ్లు ఎర్రబడ్డాక పక్కామె చూసి, "ఎవరిదే ఆ రక్తం?" అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లమంతా ఎవరి వేళ్లు వాళ్లు చూసుకున్నాం.

మేస్త్రీ క్యానుతో వచ్చాడు. చలికని చెప్పి రోజూ పదకొండింటికీ మూడింటికీ తలా ఓ గ్లాసు సారా పోసేది ఆ క్యానులోంచే. కాస్త వేలి మీద ఒంపి, మిగతాది దాని నోటి దగ్గర పెట్టాడు.

"తాగు. నొప్పీ పోతుంది, ఏడుపూ పోతుంది. గుడ్డ చుట్టుకుని బల్ల దగ్గరికి పద, లారీ వచ్చే వేళయింది."

అది నా వైపు చూసింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. చేరి నెల కాలేదు, చేర్పించింది నేనే. దానికి వద్దని చెప్పాల్సింది నేను. చెప్పలేదు సరికదా, నా గ్లాసు కూడా చాచాను.

ఈ మాట చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఇక్కడ వింటున్న మీలో పనిచేసేవాళ్లున్నారు, చదువుకునే పిల్లలున్నారు. ఇది దాచి మిగతాది చెప్తే అబద్ధమవుతుంది.

మా రొయ్యల షెడ్డులో అందరం కలిపి నలభైమంది ఆడవాళ్లం. చేతులకు తొడుగులుండవు. కొనేవాళ్లు చూడ్డానికొచ్చిన రోజున కంట్రాక్టరు తొడుగులు పంచుతాడు. వాళ్ల కారు మలుపు తిరగ్గానే వెనక్కి తీసుకుంటాడు. వేడినీళ్లడిగితే క్యాను పంపిస్తాడు.

ఆ సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో ఐసు పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. మంచుదిమ్మలు పగలగొట్టే పని ఆవిడది. పదకొండేళ్లు తాగి, మానేసి రెండేళ్లయింది.

"గ్లాసు చాచేముందు నీకేమనిపించింది?"

"చలి."

"చలి చేతులకి. నీకేమయింది?"

"ఏమీ కాలేదు పెద్దమ్మా."

"ఏమీ కాకుండానే పిల్ల రక్తం చూస్తూ తాగావా?"

నాకు ఒళ్లు మండింది. లేచి, మళ్లీ కూర్చున్నాను. "కడుపులో ఎవరో పిడికిలి బిగించినట్టుంది," అన్నాను చివరికి.

"దాన్నేమంటారు?"

"భయం."

నలభై ఏళ్లొచ్చాయి, ఆ మాట మరో మనిషికి చెప్పడం అదే మొదలు. మేస్త్రీ ఇద్దర్నీ పనిలోంచి తీసేస్తాడని భయం. వేలు చూసి మా ఆయన ఏమంటాడోనని భయం. అన్నిటికన్నా, నేను అనుకోకముందే నా చెయ్యి గ్లాసుతో ముందుకెళ్లిందే, అదీ భయం.

"రేపు క్యాను వచ్చినప్పుడు ఇరవై రొయ్యలు ఒలిచేదాకా ఆగు," అంది పెద్దమ్మ. "ఒలుస్తూ ఒంట్లో ఎక్కడ పట్టేసిందో చూసుకో. కడుపులోనా, గొంతులోనా, దవడలోనా? అది భయమో, దిగులో, కోపమో పక్కదానితో పైకి చెప్పు. ఇరవై అయ్యాక కూడా కావాలంటే తాగు, నేనేమీ అనను."

"పెద్దమ్మ డాక్టరీ ఎప్పుడు పాసయిందే?" అంది తలుపు దగ్గర జడ వేసుకుంటున్న గయ్యాళి. దాన్ని అందరం అలాగే పిలుస్తాం, అదీ పలుకుతుంది.

"ఫిట్సొచ్చి పడిపోయిన రోజున పాసయ్యాను. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా మానకండి. ముందు ఆసుపత్రికి పోయి చెప్పండి. నువ్వు కూడా," అంది నా భుజం తట్టి.

వెళ్లాను. డాక్టరమ్మ మాత్రలిచ్చి, కొంచెం కొంచెంగా ఎలా తగ్గించాలో చెప్పింది. అయినా మొదటిరోజు పన్నెండు రొయ్యలకే తాగేశాను. కొన్నాళ్లకి ఇరవై అయ్యేసరికి క్యాను నన్ను దాటి అవతలి బల్లకి వెళ్లిపోయింది. దాన్ని పిలవలేదు. ఇరవై ఒకటోది అందుకున్నాను.

మెల్లగా బల్లల దగ్గర మాటలు మారాయి.

"నాకు దిగులుగా ఉందే. మా అమ్మ పోయి ఆర్నెల్లయింది, ఏడవడానికి తీరికే దొరకలేదు."

"అయితే ఇప్పుడేడువు. నీళ్లలో ఎలాగూ ఉప్పు తక్కువైంది."

నవ్వుతూనే ఏడ్చింది ఆవిడ. ఆ పూట గ్లాసు ముట్టలేదు.

మా ఆడపడుచుకే కష్టమైంది. "నాకు ఇరవై చాలడం లేదు వదినా," అనేది పళ్లు బిగించి. "ఇంకో ఇరవై ఒలువు, నేనిక్కడే ఉన్నా," అనేదాన్ని. కొన్ని రోజులు ఆగేది, కొన్ని రోజులు ఆగేది కాదు. మూడింటికి అది తలుపు వైపు చూసే చూపు నాకు తెలుసు. అది నా చూపే. ఈ పిల్ల కూడా నాలాగే అయిపోతుందేమోనని నా కడుపులో పిడికిలి విడేది కాదు.

ఓ ఆదివారం బట్టలు మార్చుకునే గదిలో అందరం కూర్చున్నాం. గయ్యాళి లేచింది. "భయం భయం అని చెప్పుకుంటే తొడుగులొస్తాయా పెద్దమ్మా?"

"రావు. అడగాలి. అడగడానికి తెలివిలో ఉన్న నోరు కావాలి. మనకి సారా ఊరికే ఎందుకు పోస్తున్నాడనుకున్నావు? ప్రేమా?"

ఇన్నాళ్లూ దేనికి తాగామో ఒక్కొక్కరూ చెప్పారు. చలికని చెప్పినవాళ్లు ఇద్దరే. మిగతా అందరం మేస్త్రీ అడుగుల చప్పుడు వినగానే భయంతో గ్లాసు తీసేవాళ్లమే. ఆ గదిలో అది బయటపడ్డప్పుడు నాకు ధైర్యం రాలేదు, భయం ఎక్కువైంది. ఇక తెలియనట్టు ఉండలేం కదా.

సోమవారం గ్లాసులన్నీ బల్లల మీద బోర్లించాం. తొడుగులు, వేడినీళ్లు, దెబ్బ తగిలితే ఆసుపత్రి కావాలన్నాం. క్యాను నిండుగా తిరిగి వెళ్లింది. మేస్త్రీ ఒక్క మాటా అనలేదు. అరిచినా బాగుండేది.

మంగళవారం పోలీసులొచ్చారు. పెద్దమ్మ బట్టల మూటలోంచి మూడు సీసాలు తీశారు. ఈవిడే షెడ్డులో దొంగచాటుగా సారా అమ్ముతోందట. అది తాగే పిల్ల వేలు కోసుకుందట. నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. ఆ మాటలే నేను చెప్పినట్టు కాగితం రాసి సిద్ధంగా ఉంది. పక్కన గ్లాసు నిండుగా ఉంది.

"వణుకుతున్నావు. ముందు ఒక గుక్క వేసుకో," అన్నాడు కంట్రాక్టరు మెత్తగా. "తర్వాత సంతకం పెట్టు. నీకూ మీ పిల్లకీ పనికి ఢోకా లేదు."

వాసన ముక్కుకి తగిలింది. నోట్లో నీళ్లూరాయి. గది తలుపు మూసి ఉంది. కడుపులో పిడికిలి గొంతు దాకా వచ్చింది.

"నాకు భయంగా ఉంది," అన్నాను పైకి.

"ఎవర్ని చూసి?" అన్నాడు పోలీసు.

"ఈయన్ని చూసి. మిమ్మల్ని చూసి కూడా." చెప్పాక ఊపిరి కొంచెం ఆడింది. "సారా పోసేది మేస్త్రీ. మా పిల్ల వేలి మీద పోసిందీ, నోట్లో పోసిందీ అతనే. నేను చూశాను. చూస్తూ నేనూ తాగాను. అలా రాస్తే పెడతాను సంతకం."

కంట్రాక్టరు గ్లాసు వెనక్కి లాక్కున్నాడు. "రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

పెద్దమ్మని జీపెక్కించారు. ఎక్కుతూ ఆవిడ నా వైపు కాదు, మా ఆడపడుచు వైపు చూసింది. "మూడవుతోంది. జాగ్రత్త పిల్లా," అంది.

జీపు కదిలింది. మేస్త్రీ క్యాను తీసుకొచ్చి మొదటి బల్ల మీద పెట్టి, మూత తీశాడు. "ఎవరిక్కావాలి?"

మా ఆడపడుచు చాలాసేపు ఆ క్యాను వైపే చూసింది. దాని దవడ కదులుతోంది. కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నా దగ్గరికొచ్చింది.

"నాకు కోపంగా ఉంది వదినా. స్టేషను ఎటు?"

మిగతావాళ్లూ కత్తులు కింద పెట్టారు. తడి ఏప్రాన్లతోనే అందరం బయల్దేరాం. రోడ్డున పోయేవాళ్లు ముక్కు మూసుకున్నారు. గయ్యాళి దారి పొడుగునా, "నాకు కాళ్లొణుకుతున్నాయే, పట్టుకోండే," అంటూనే అందరికన్నా ముందు నడిచింది. స్టేషను మెట్ల దగ్గర అందరం ఆగిపోయాం.

లోపల్నించి ఒకాయన వచ్చి మమ్మల్ని చూశాడు. "ఏంటి గుంపు? చెప్పుకునేదుంటే ఒక్కొక్కరే రండి."

"ఒక్కొక్కరం రామండీ," అన్నాను. "ఒక్కొక్కరంగా ఉన్నన్నాళ్లూ వాళ్లు పోసింది తాగాం."

భయంతోనే మెట్టెక్కాను. వెనక ముప్పై ఎనిమిది జతల కాళ్లు కదిలాయి.