వదిన ఊఁ కొట్టిన గూనిరాజు కథ

దొరలు మూటాముల్లె సర్దుకుని సీమకు ఓడెక్కుతున్న రోజులవి. చిత్తూరులో ఒక దొర బంగళా సామాను వేలం వేశారు. కుర్చీలకూ గడియారాలకూ జనం ఎగబడ్డారు గానీ, మూలన పడున్న లావుపాటి ఇంగ్లీషు నవలను ఎవరూ కన్నెత్తి చూడలేదు. దాన్ని చంకన పెట్టుకుని ఇంటికొచ్చినవాడు సుందరరాజు ఒక్కడే. ముప్పై ఏళ్లు కోర్టులో తీర్పులకు నకళ్లు రాసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు అక్షరం కనబడితే చదవకుండా ఉండలేడు, అదో జబ్బు.

నాలుగు పేజీలు తిప్పాడో లేదో ఒళ్లు ఝల్లుమంది. కథ ఎప్పుడో నాలుగైదు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు రాజు మూడో రిచర్డుది. అన్న చచ్చిపోయాడు. అన్న కొడుకులిద్దరూ పసివాళ్లు. కాపాడాల్సిన చిన్నాయన వాళ్లను కోటలో పెట్టాడు. తరవాత ఆ పిల్లలు ఎవరి కంటా పడలేదు. కిరీటం చిన్నాయన నెత్తికెక్కింది. ఇంకేముంది, చంపేశాడన్నారు. భుజం వంకరుంటే గూనివాడన్నారు, గూనివాడు గనక పాపిష్ఠివాడన్నారు. లోకం నోటికి మూకుడు పెట్టగలమా? ఈ నవల రాసినాయన మాత్రం మొదట్లోనే తేల్చి చెప్పాడు, ఆ రాజు పాపమెరగడని.

సుందరరాజుకు గూని లేదు, కిరీటమూ రాలేదు. మిగతాదంతా తన బతుకే.

పదహారేళ్ల కిందట, అన్న పోయిన రెండో ఏడు, అన్న కొడుకులు మునిరత్నాన్నీ చిన్నబ్బనూ తిరుపతి గంగమ్మ జాతరకు పిలుచుకుపోయాడు. పెద్దోడికి ఎనిమిది, చిన్నోడికి ఐదు. వాళ్లమ్మ గంగులమ్మ వద్దనే అంది. వేషాలు చూపించి ఎల్లుండికల్లా తెస్తాను వదినా అని పోయినవాడు, ఐదో రోజు ఒంటరిగా వచ్చాడు. వాంతిభేది. ఇద్దరూ ఒక్క పగట్లో పోయారు. శవాలను ఊరు దాటించకూడదన్నారు. తల్లికి కడసారి చూపు కూడా లేకుండా అక్కడే పూడ్చేశారు. ఆ తరవాత, చట్టం అలా ఉంది గనక, అన్న వాటా మామిడితోట సుందరరాజుకే వచ్చింది. ఊరు ఊరుకుంటుందా? "తోట కోసం పిల్లోళ్లను మింగేసినాడప్పా" అంది. ఆ తోటలో అతను ఆనాటి నుంచీ కాలు పెట్టలేదు, ఆ కాయ నోట పెట్టలేదు. అది ఎవడిక్కావాలి!

గంగులమ్మ మాత్రం ఒక్క నింద వెయ్యలేదు. అసలు మాటే మానేసింది. పదహారేళ్లుగా వేళకు కంచంలో అన్నం పెడుతుంది, తలుపు వెనక్కు పోతుంది. తిట్టినా బాగుండునే, నాలుగు శాపనార్థాలు పెట్టినా బాగుండునే అని అతను ఎన్నిసార్లు కుమిలిపోయాడో. ఆమె నోట ఒక్క మాట వినకుండా పోతానేమోనన్నదే ఇప్పుడతని బెంగ.

నా మాట నమ్మదు, ఆ రాజు మాటైనా వింటుందేమో అనుకున్నాడు. మన ఇళ్లలో ముఖాన చెప్పలేనిది గోడకు చెప్పడం ఉన్నదే కదా. రోజూ సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని ఆ నవలను తెలుగులో, లోపలికి వినబడేటట్టు, గొంతెత్తి చెప్పసాగాడు. కథ చెబితే ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే కథ అక్కడికి ఆగిపోవాల్సిందే, అది రివాజు. పక్కింటి దర్జీ ఖాదర్ బాషాను బతిమాలి కూర్చోబెట్టాడు.

"దొరలే పోతావుంటే వాళ్ల పురాణం మనకెందుకు సుందరప్పా?" అన్నాడు బాషా.

"ఊఁ కొట్టబ్బా, నీ నోరేం అరిగిపోదు."

తొమ్మిది రోజులు బాషా గుండీలు కుట్టుకుంటూ ఊఁ కొట్టాడు. పదో రోజు చెల్లెలి కూతురి నిఖా అని గూడూరు పోయాడు. సుందరరాజు పుస్తకం తెరిచాడు, మూశాడు.

"ఊఁ కొట్టే దిక్కు లేదు. ఈ పొద్దుకు కత లేదు" అని గోడతో చెప్పి లేవబోయాడు.

తలుపు వెనక నుంచి "ఊఁ" అని వినబడింది.

లేవబోయినవాడు అట్టే కూలబడ్డాడు. పదహారేళ్లకు, తల్లీ, పదహారేళ్లకు! అక్షరాలు అలికేసినట్టయి కనబడక, ఆ పూట సగం కథ నోటికొచ్చినట్టు చెప్పాడు. ప్రతి మాటకూ లోపలి నుంచి ఊఁ వచ్చింది.

మర్నాడు పిల్లల ఘట్టం వచ్చింది. రాజు వాళ్లను చంపలేదట. శత్రువుల కంట పడకుండా మారుపేర్లు పెట్టి ఓడెక్కించి, పరాయి దేశంలో పెంచాడట. సుందరరాజు సంబరం అంతా ఇంతా కాదు. రాజు మీది మచ్చ కడుక్కుపోయింది, అదొక్కటే అతని బుర్రలో ఉంది.

"పిల్లోళ్లు సావలేదు! సల్లగా ఉండారు! ఎవరికీ సెప్పకుండా నింద తానే మోసినాడు మహారాజు!"

లోపలి నుంచి ఊఁ రాలేదు. ఏదో గిన్నె కింద పడిన చప్పుడయింది. తెలివైనవాడైతే అప్పుడే గ్రహించేవాడు.

మరుసటి రోజు పగలు అన్నానికి కూర్చోబోతే, తన కంచం పక్కన రెండు చిన్న ఇత్తడి కంచాలు చింతపండుతో తోమి తళతళా పెట్టి ఉన్నాయి. గంగులమ్మ తలుపు వెనక లేదు. ఎదురుగా నిలబడి ఉంది. తల ముగ్గుబుట్టయింది. ఆ ముఖం నిండా నవ్వు.

"అప్పా సుందరా, ఇన్నాళ్లూ నిన్ను కష్టపెడితి. నువ్వు గోడకు సెప్పిందంతా నాకు తెలిసిందిలే. మన పిల్లోళ్లను యాడ పెట్టినావు? నేనెవరికీ సెప్పను. ఒక్కసారి సూసొస్తాను, అంతే."

నమ్మింది. చంపలేదని నమ్మింది, కానీ ఎలా నమ్మింది! దూరంగా ఉండారు వదినా అని ఒక్క అబద్ధమాడితే చాలు, చచ్చేదాకా ఆ మాటా, ఆ నవ్వూ తనవే. నాలుక కొసదాకా వచ్చింది. కానీ ఆ తోమిన కంచాలు చూశాడు. రేపూ తోముతుంది, ఎల్లుండీ తోముతుంది.

గదిలోకి పోయి రేకుపెట్టె అడుగు నుంచి ఒక గుడ్డమూట తెచ్చి విప్పాడు. నల్లబడిన వెండి మొలతాళ్లు రెండు. పూడ్చే ముందు తెంపినవి.

"కత సెప్తాను వదినా. ఊఁ కొట్టు" అన్నాడు నేల మీద కూలబడి.

ఆమె ఆ మొలతాళ్లకేసి చాలాసేపు చూసింది. నవ్వు పోయింది. గోడకానుకుని కూర్చుంది. "ఊఁ" అంది.

"మునిరత్నం దొర వేషం సూసి, నాకూ ఆ టోపీ కావాలని ఒకటే గోల."

"ఊఁ."

"ఎండకు ఇద్దరికీ దప్పికైంది. ఆడ యాడో బాయి నీళ్లు నేనే తెచ్చి తాపినాను వదినా. ఈ సేతుల్తోనే. ఇన్నేండ్లూ ఎవరికీ సెప్పలేదు. సంపినానంటే సంపినట్టే."

గంగులమ్మ కళ్లు మూసుకుంది. అతను తల వంచి కాచుకున్నాడు. కథ ఇక్కడితో ఆగిపోయిందనే అనుకున్నాడు.

"ఊఁ" అంది చాలాసేపటికి.

"గుంట ఒక్కటే తవ్వినారు. పక్కపక్కన పండబెట్టినాను. సిన్నబ్బ సెయ్యి అన్న మీదేసినాను, ఒంటిగా పండుకోడు గదా."

"ఊఁ."

"నేనే మన్నేసినాను. అంతే కత."

గంగులమ్మ చెయ్యి చాచి చిన్న మొలతాడు తీసుకుంది. కొంగుతో తుడిచింది. తుడుస్తూనే అడిగింది.

"పోయేటప్పుడు అమ్మ కావాలన్నాడా?"

"ఊఁ" అన్నాడు సుందరరాజు.