అయిదడుగుల మీద ఒక మిల్లీమీటరు

ముప్పై ఏళ్ళుగా షంషేర్ టైలరు నోట సెంటీమీటరు అన్న మాట రాలేదు. తిరువూరు బస్టాండు ఎదురు సందులో ఆయన కత్తెర పట్టిన నాటినుంచీ మగవాళ్ళ నడుములూ ఆడవాళ్ళ భుజాలూ ఇంచీల్లోనే నడిచాయి. టేపుకు రెండో పక్కన కూడా అంకెలున్నాయని ఆయనకు తెలియక కాదు. వేరేవాళ్ళ ఇంటి గుమ్మం ఉన్నట్టే అవీ ఉన్నాయి, ఆయనకు అటు పని పడలేదు, అంతే.

అలాంటి మనిషి చేత ఆ గురువారం మధ్యాహ్నం టేపు తిరగేయించిన ఘనత సీతారామారావు మాస్టారిది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి, ప్యాంటు నడుం వదులు చేయించుకుందామని వచ్చారు. ఆయన ప్యాంటు మాట ఎత్తేలోగా షంషేర్ తన కూతురి మాట ఎత్తేశాడు.

"రేపు మా ఆసిమాకు బెజవాడలో కొలతలండి మాస్టారూ. కానిస్టేబులు రాత పరీక్ష గట్టెక్కింది గదా. ఇక ఎత్తు చూస్తారు, పరుగు పెట్టిస్తారు. పరుగులో దాన్ని పట్టుకునేవాళ్ళు లేరు. రెండేళ్ళుగా తెల్లారకముందే కాలేజీ గ్రౌండు చుట్టూ తిరుగుతోంది. ఎత్తంటారా, అయిదడుగులు కావాలి, మా పిల్ల సరిగ్గా అయిదడుగులు. నేనే కొలిచా."

"అయిదడుగులనే రాశారా వాళ్ళు?"

"సెంటీమీటర్లలో ఏదో రాశార్లెండి. నూట యాభై రెండున్నర. అంటే అయిదడుగులేగా. కోచింగు సారూ అదే అన్నాడు."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. పెదాలు రెండుసార్లు కదిలాయి. కళ్ళు తెరిచేసరికి ముఖంలో లెక్క తెగినప్పటి సంతోషం ఉంది గానీ, ఎదుటివాడి ముఖం చూశాక దాన్ని దాచుకోవడానికి తంటాలు పడ్డారు.

"నూట యాభై రెండు పాయింట్ నాలుగు, షంషేరూ. అయిదు కాదు."

షంషేర్ మెడలోని టేపు లాగి, అరవయ్యో ఇంచీ దగ్గర గోరు పెట్టి, తిరగేశాడు. గోరు నూట యాభై రెండున్నర గీతకు ఇవతలే ఆగింది. వెంట్రుకవాసి తేడా. ఆయన గోరు జరిపి మళ్ళీ పెట్టాడు. గీత జాలిపడి దగ్గరకు జరగలేదు.

"ఒక్క మిల్లీమీటరుకు పిల్లను పంపించేస్తారాండీ?"

"మనిషైతే చూసీ చూడనట్టు వదిలేసేవాడేమో. కొలిచేది మిషను గదా. తెలిసి చెప్పటంలేదు, ఊహే అనుకో, మొదట్లో అయిదడుగులనే అనుకుని ఉంటారు. సెంటీమీటర్లలోకి దించేటప్పుడు ఎవరో పాయింట్ నాలుగు బాగోలేదని సగానికి సర్దుంటారు. కిందికి సర్దినా పోయేది."

"అసలు ఎవడు తెచ్చాడండీ ఈ సెంటీమీటర్లు?" షంషేర్ కత్తెర బల్ల మీద పడేశాడు. "అమెరికా వాడికి లేవంటారు. వాడు బతకట్లేదా?"

మాస్టారిని ఆ ప్రశ్న అడక్కూడదు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, నిప్పు ఎలా పుడుతుందో చెప్పగల మనిషి ఆయన. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు అణాలు పోయి నయాపైసలొచ్చాయి, తర్వాత వీశెలు పోయి కిలోలొచ్చాయి. మా అమ్మ శాపనార్థాలు పెట్టింది. అయినా ఎందుకు ఒప్పుకున్నాం? ఈ ఊరి మానిక పక్క ఊళ్ళో చెల్లదు. ఒకచోట శేరు పెద్దది, ఒకచోట చిన్నది. సంతకెళ్తే రోజూ తగువే. పది ఊళ్ళకు పది కొలతలుంటే, అందరూ కలిసి ఎవరిదీ కాని పదకొండోదానికి ఒప్పుకుంటారు. ఫ్రాన్సులోనూ అదే జరిగింది, ఊరికో కొలత. రాజును దించారు, పనిలో పనిగా కొలతలూ మార్చారు. అమెరికాలో దేశమంతా అప్పటికే ఒకటే అడుగు, ఒకటే పౌను. తగువు లేదు. మిషన్లన్నీ దానికే చేసుకున్నారు. ఇక కదలాల్సిన అవసరమేముంది? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని మనం అనుకోవాల్సిందే."

"మనం మారాం గదా మరి."

"ఎక్కడ మారాం? పొలం ఎకరాలు, ఇంటి స్థలం గజాలు, జ్వరమొస్తే నూట రెండు. సర్కారు చెయ్యి పడినచోట మారాం, మన చెయ్యి పడినచోట మారలేదు. ఈ సందులో నువ్వొక అమెరికావి. ఇంతకీ ప్యాంటు ఎప్పుడిస్తావు?"

షంషేర్‌కు ప్యాంటు కనిపిస్తేగా. మాస్టారు పోతూ పోతూ గుమ్మంలో ఆగి ఒక మంచిమాట చెప్పారు. మనిషి నిద్రలేచినప్పుడు కాస్త పొడుగుంటాడు, నిలబడేకొద్దీ వెన్నెముక అణుగుతుంది, కాబట్టి పొద్దున్నే కొలిపించుకుంటే మేలు, కాసేపు వెల్లకిలా పడుకున్నా కొంత తిరిగొస్తుంది. ఆ మాటను షంషేర్ తాయెత్తులా పట్టుకుని షట్టరు దించేశాడు.

ఇంటికొచ్చి కూతుర్ని గోడకు నిలబెట్టాడు. కొలిచాడు. అరవై. మనసు ఒప్పుకోక మళ్ళీ కొలిచాడు. అరవైన్నర. మూడోసారి యాభై తొమ్మిది ముప్పావు. ఆయన చేతికి ముప్పై ఏళ్ళ అలవాటొకటుంది. ఎవరిని కొలిచినా అరించీ లూజు కలుపుకునే అంకె చెబుతుంది. కట్టుకున్నవాడు ఊపిరి పీల్చుకోవాలి, చెయ్యెత్తాలి, అన్నం తినాలి గదా. ఆ అరించీ మనసులో కలుపుతాడో టేపు మీదే వదులుతాడో ఆయనకే తెలియదు. మరి రెండేళ్ళ కిందట ఆసిమాను కొలిచి అరవై అన్నప్పుడు, అది పిల్ల ఎత్తా, పిల్లకు కుట్టే గుడ్డ ఎత్తా? ఆలోచించేకొద్దీ టేపు ఇంకోలా పడుతోంది.

"నాన్నా, నేనేమన్నా చుడీదారునా? ఎన్నిసార్లు కొలుస్తావు?" అంది ఆసిమా.

సంగతి చెప్పాడు. ఆసిమా నవ్వు ఆగిపోయింది. గోడ మీద పెన్సిలు గీతకేసి చూస్తూ, "ఇన్నాళ్ళూ ఒక్కసారైనా అటుపక్క చూడలేదా నువ్వు?" అని మాత్రం అంది.

ఆ మాటకు దెబ్బలాడినా బాగుండేది. షంషేర్ కాలు కాలిన పిల్లిలా వసారాలోకీ వంటింట్లోకీ తిరిగాడు. భార్య హుస్సేన్‌బీ విసుక్కుని, "అల్లా ఇచ్చిన ఎత్తు మీ టేపు చూసి పెరగదు. కాళ్ళు కడుక్కుని అన్నానికి రండి" అని కంచం పెట్టింది. పిల్లను పెందలాడే పడుకోబెట్టారు. నిటారుగా పడుకోమని తండ్రి రెండుసార్లు హెచ్చరించాడు.

తొలి బస్సు పట్టుకున్నారు. ఎ.కొండూరు దాటేదాకా షంషేర్ ప్రతి గతుక్కీ కూతురి వీపుకేసి చూశాడు, రోడ్డు దాన్ని కుదించేస్తోందన్నట్టు. మైలవరంలో ఒక ముసలామెకు చోటిద్దామని ఆసిమా లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టి తనే లేచాడు.

బెజవాడలో గ్రౌండుకు వేళకే చేరారు గానీ, వేళకు చేరినవాళ్ళు అప్పటికే రెండు బారుల్లో నిలబడి ఉన్నారు. ఆడపిల్లల్ని లోపలికి పంపి, వెంట వచ్చినవాళ్ళను ఇనుప కంచె బయట నిలబెట్టారు. ఎండ ఎక్కింది. బారు కదిలినట్టే ఉంటుంది, ఆసిమా మాత్రం అక్కడే ఉంటుంది. ఆమె ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నప్పుడల్లా షంషేర్ కళ్ళకు వెంట్రుకంత తగ్గినట్టు కనిపించింది.

"ఎక్కడినుంచండీ?" పక్కనున్నాయన పలకరించాడు. తెల్లచొక్కా, భుజాన కండువా, చేతిలో నీళ్ళ సీసా.

"తిరువూరండి. టైలర్ని."

"మాది మీ పక్కనే, వినగడపండి సాయిబుగారూ. నా పేరు గిరిబాబు. మామిడి తోటలు చేస్తాం. అదుగో, పచ్చ టీషర్టు, మా వినీల." షంషేర్ చూశాడు. ఆసిమా వెనకే నిలబడి ఉంది. ఇద్దరి తలలూ సమానంగా ఉన్నాయి. "మీ అమ్మాయికి ఎత్తు చాలదన్న భయమేమన్నా ఉందాండీ? మాకు ఢోకా లేదు. అయిదడుగులు పక్కా. ఇంటి గుమ్మానికి గీత పెట్టి వడ్రంగి చేత కొలిపించా."

షంషేర్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి, "ఎండ బాగా ఉందండి" అన్న మాట వచ్చింది.

గిరిబాబు మంచి మనిషి. తన సీసాలో నీళ్ళు ముందు షంషేర్‌కే ఇచ్చాడు. ఇంట్లో చేసిన పులిహోర పొట్లం విప్పి సగం పెట్టాడు. తల్లికి ఇష్టం లేకపోయినా పిల్ల పట్టు పట్టిందనీ, ఈ ఏడు తప్పితే వయసు దాటిపోతుందనీ, తర్వాత పెళ్ళి చేసేస్తామనీ చెప్పాడు. షంషేర్ తల ఊపుతూ విన్నాడు. పులిహోర రెండు ముద్దలు తిని పొట్లం మడిచేశాడు.

ఎండ నడినెత్తికొస్తోంది. ఆసిమాకు ముందు పదిమందికి మించి లేరు. ఇక ఆయన వల్ల కాలేదు. కంచె పట్టుకుని, ఊరి సంతలో అరిచినట్టు అరిచాడు.

"ఆసిమా! పడుకో అమ్మా! నేల మీద వెల్లకిలా పడుకో!"

గ్రౌండంతా అటు తిరిగింది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆసిమా ముఖం ఎర్రబడింది. తలొంచుకుని నిలబడింది.

"నామోషీ పడకే! నా తల్లివి గదా, పడుకో!"

ఒక్క క్షణం ఆగి, ఆసిమా ఆ దుమ్ములో, అంతమంది కాళ్ళ మధ్య వెల్లకిలా పడుకుంది. చేతులు పక్కకు చాపి కళ్ళు మూసుకుంది. కూతురు ఇంత గొప్పదని షంషేర్‌కు అప్పటిదాకా తెలియదు. ఆయనకు కళ్ళనీళ్ళు వచ్చాయి. బారులోని పొట్టి పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి పడుకుంది. ఆమె వెనక ఇంకొకతె. వినీల కూడా మోకాళ్ళ మీద వంగి, అడిగినట్టుగా తండ్రికేసి చూసింది.

గిరిబాబు నవ్వుతూ చెయ్యి అడ్డంగా ఊపాడు. "నీకెందుకమ్మా! నువ్వు అయిదడుగులు పక్కా. బట్టలు పాడుచేసుకోకు, నిలబడు!"

వినీల లేచి మోకాళ్ళు దులుపుకుంది.

షంషేర్ పక్కనే ఉన్నాడు. చెప్పడానికి అప్పుడు కూడా వేళ మించలేదు. ఒక్క మాట చాలు. ఇప్పుడు చెబితే ఈయన కంగారుపడతాడు, పిల్ల హడలిపోతుంది, ప్రయోజనమేముంది అంది ఒక మనసు. చెబితే ఆ పిల్లా పడుకుంటుంది, ఆ పిల్లా దాటుతుంది, ఉన్న ఉద్యోగాలెన్ని అంది ఇంకో మనసు. ఆ రెండో మాట విని షంషేర్ సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డాడే గానీ నోరు విప్పలేదు.

ఆసిమాను పిలిచారు. ఆమె లేచి, వీపు దులుపుకోకుండానే కొలతల డేరాలోకి వెళ్ళింది. షంషేర్ కంచె ఇనుము పట్టుకుని తనకు వచ్చిన దువాలన్నీ వరసగా చదివాడు. రెండోసారి మొదలెట్టాడో లేదో, కూతురు పక్క గేటులోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"పాయింట్ ఏడు నాన్నా! నూట యాభై రెండు పాయింట్ ఏడు! రేపు పరుగుకు రమ్మన్నారు."

షంషేర్ నడిరోడ్డు మీద కూతుర్ని పట్టుకుని ఏడ్చేశాడు. దుమ్ము కొట్టుకుపోయిన ఆమె వీపును రెండు చేతులా తడిమాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు. గిరిబాబు కూడా సంబరపడిపోయి, "శుభం సాయిబుగారూ! ఇప్పుడు మాది కూడా వచ్చేస్తే ఇద్దరం కలిసి ఇక్కడే బిర్యానీ తిని పోదాం" అన్నాడు.

వినీల నడుచుకుంటూ వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏమైందమ్మా?"

"పాయింట్ నాలుగంట నాన్నా. పొమ్మన్నారు."

"నాలుగేంటి? అయిదడుగులున్నావు గదే! మిషను తప్పయ్యుంటుంది." గిరిబాబు గేటుకేసి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. "సాయిబుగారూ, మీరు టైలరు గదా. అయిదడుగులంటే వాళ్ళ లెక్కలో ఎంతండీ?"

షంషేర్ నేల చూపులు చూశాడు. "నూట యాభై రెండు పాయింట్ నాలుగండి."

"మరి సరిపోయిందిగా?"

"వాళ్ళకు పాయింట్ అయిదు కావాలండి."

గిరిబాబు ఆసిమా వీపున ఉన్న దుమ్మును చూశాడు, శుభ్రంగా ఉన్న తన కూతురి పచ్చ టీషర్టును చూశాడు.

"అంటే మీకు తెలుసు," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే షంషేర్‌కు కాస్త తేలిగ్గా ఉండేది. "నేను పడుకోవద్దంటున్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు గదండీ."

ఆసిమా తండ్రి ముఖంలోకి చూసింది, ఆయన ఏమంటాడోనని ఆగింది. ఆయన రెండో చేత్తో ఆమె వీపున దుమ్ము దులపసాగాడు. ఆమె ఆయన చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుని వినీల దగ్గరకు వెళ్ళింది.