నోరు జారని కంపెనీ

“ముందు నీ ఉద్యోగం పోతుంది. దాని వెనకే ఈ రెండు గదులూ పోతాయి. ఆ తర్వాత వాడు ఎదురు కేసు పెడతాడు, రక్తం పారబోసింది నువ్వేనని. అప్పుడు నేనెవరి కాళ్ళు పట్టుకోవాలే?”

కూతురు ఇంకా ఏమీ చేయనే లేదు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, “ఫిర్యాదు పంపుదామనుకుంటున్నానమ్మా” అంది, అంతే.

చుట్టాలు ఆ తల్లికి ముందుజాగ్రత్తమ్మ అని పేరు పెట్టింది ఊరికే కాదు. మబ్బు కనిపిస్తే గొడుగు వెతుక్కునేవాళ్ళు లోకంలో ఉంటారు. ఈవిడ ఎండలో కూడా పడవ వెతుక్కునే రకం. అయితే ఈసారి భయపడటానికి కారణం కూడా ఉంది. కింది అంతస్తులో ఉన్న రక్తపరీక్షల ల్యాబులో కూతురు టెక్నీషియన్. పై అంతస్తులోని ఈ గదులు, పిల్ల చేతిలోని ఫోను కూడా ల్యాబు ఓనరు సిబ్బందికిచ్చినవే. జనం ఎక్కువైన రోజున ఆయన తీసిన రక్తం పారబోయించి, పరీక్ష చేయకుండానే అంకెలు కొట్టించి రిపోర్టులిచ్చేస్తున్నాడు. మిషను రిపేరుకి వెళ్ళిన వారంలో కూడా రిపోర్టులు ఆగలేదు. అన్నీ బాగున్నాయని రాయించుకుని సంతోషంగా వెళ్ళిన ఒక ముసలాయన, నాలుగు రోజులకే ఆస్పత్రి మంచం ఎక్కాడు. ఆ రిపోర్టు టైపు చేసింది కూతురే. అప్పటినుంచి పిల్లకి టీ కూడా సహించడం లేదు.

“పేరు రాయకుండా పంపొచ్చమ్మా. కానీ మనింట్లో నెట్ ఓనరుగారిదే. ఎవరు ఏ సైటుకి వెళ్ళారో ఆయనకి తెలుస్తుంది. రిసెప్షన్ అమ్మాయి వేరే ఉద్యోగం వెతుక్కుంటే మర్నాడే పిలిచి అడిగాడు. ఇక ఫిర్యాదులు తీసుకునే ఆఫీసులో ఆయన బావమరిది కూర్చున్నాడు. ఎక్కడినుంచి వచ్చిందో తవ్వుతాడు. అందుకని వీపీఎన్ పెట్టుకుందామని.”

“అదేంటి, మందా?”

“కాదమ్మా. మనం పంపేది మూతపెట్టిన గొట్టంలో వెళ్తుందనుకో. ఓనరుకి గొట్టం కనిపిస్తుంది, లోపలేముందో కనిపించదు. అవతలివాళ్ళకి గొట్టం చివర కనిపిస్తుంది, మన ఇల్లు కనిపించదు.”

“గొట్టం ఎవరిది?”

“కంపెనీది.”

“అయితే గొట్టం వాడికి అన్నీ కనిపిస్తాయిగా!”

“ఎక్కడికి వెళ్ళామో కనిపిస్తుంది. అందుకే ఎవరిని నమ్మాలో చూసుకోవాలి.”

“బాగుంది సంబడం! పెనం మీంచి పొయ్యిలో పడటానికి మళ్ళీ పొయ్యిని ఎంచుకోవడం కూడానా!”

ఎంచుకోవడానికి సెలవు రోజున ఆవిడ తమ్ముడి కొట్టుకి వెళ్ళారు. తమ్ముడికి ఫోన్ల కొట్టుంది. పగిలిన అద్దాలు మారుస్తాడు, తొడుగులు అమ్ముతాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహాలిస్తాడు. తనకి తెలియని విషయం ఇంకా పుట్టలేదని అతని నమ్మకం. విషయం చెప్పకుండా, వీపీఎన్ కావాలని మాత్రం కూతురు అడిగింది.

“మేనకోడలా, సరైన చోటికొచ్చావ్. ఇదిగో, గద్ద బొమ్మ కంపెనీ. సైన్యం వాడే తాళం! నేనూ ఇదే వాడుతున్నా. కళ్ళు మూసుకుని తీసుకో.”

“కళ్ళు మూసుకుని తీసుకోవడం దేనికిరా, తెరిస్తే ఏం కనిపిస్తుందని?” అంది అక్క. “అయినా సైన్యం తాళం నీ కొట్టుకెందుకొచ్చింది? సైన్యం వాళ్ళు పారేశారా?”

“అక్కా, నీకు తెలియదు, ఊరుకో. వందమంది మెచ్చుకున్నారు, చూడు.”

కూతురు అతని ల్యాప్‌టాప్‌లో చూసింది. ‘అత్యుత్తమ వీపీఎన్‌లు’ అని పేరు పెట్టుకున్న సైట్లన్నీ తిప్పింది. ఒకచోట గద్ద మొదట, డాలు బొమ్మ కంపెనీ రెండోది. ఇంకోచోట డాలు మొదట, గద్ద రెండోది. అన్నిటి కిందా ‘ఇక్కడ నొక్కి కొనండి’ అని బటను. నొక్కినవాడు కొంటే పొగిడినవాడికి వాటా వెళ్తుందని చిన్నక్షరాల్లో రాసుంది. పెళ్ళిళ్ళ పేరయ్య పిల్లవాడి గుణం చెప్పినట్టే ఉంది వ్యవహారం. వాళ్ళ నోట లోకంలో చెడ్డ పెళ్ళికొడుకే లేడు.

“నీకెంత ముడుతుందిరా గద్ద అమ్మితే?” అని అక్క అడిగింది.

తమ్ముడు ఒక ఫోను తొడుగు తీసి శ్రద్ధగా దుమ్ము దులిపాడు.

“ఉచితంగా ఇచ్చేవీ ఉన్నాయమ్మా, ఈ తాళం బొమ్మ దానిలాంటివి,” అంది కూతురు. “కానీ వాటి జోలికి వెళ్ళకూడదంటారు. మన వివరాలు అమ్ముకుని బతుకుతాయట.”

“అనరా మరి! ఊరికే అన్నం పెట్టేవాడు విస్తరి లెక్క ఎక్కడో రాసుకునే ఉంటాడు.”

చివరికి ఇంకొకటి కనిపించింది. దానికి బొమ్మ లేదు, పొగడ్త లేదు. తెల్ల కాగితం లాంటి పేజీ, నాలుగు వాక్యాలు, ఉత్తరం రాయడానికి ఒక గడి. ‘మనుషులే చదువుతాం, ఆలస్యం కావచ్చు’ అని ఉంది. “ఇదేం కంపెనీ! ముఖం కడుక్కోకుండా కొట్టు తెరిచినట్టుంది,” అన్నాడు తమ్ముడు.

అంతలో ల్యాబునుంచి ఫోను. సెలవైనా రమ్మన్నారు. కూతురు పరుగెత్తింది. తమ్ముడు భోజనానికి వెళ్తూ, “కొట్టు చూస్తూ ఉండక్కా, దేన్నీ కెలక్కు” అన్నాడు.

ముందుజాగ్రత్తమ్మని కెలకొద్దని చెప్పి వెళ్ళడం అంటే పిల్లికి పాలగిన్నె కాపలా పెట్టడమే.

ఆవిడకి చదువు అంతంత మాత్రం. కానీ మనుషుల్ని ఎంచుకోవడంలో ఆవిడకో పద్ధతుంది. కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు ఎవరి దగ్గరైనా వదిలి పనికి వెళ్ళాల్సొచ్చింది. చూసుకునే ఆడవాళ్ళ గుమ్మాలు ఎక్కి, “పక్కవీధి పిల్లని కూడా నువ్వే చూస్తావటగా, వాళ్ళమ్మా నాన్నా రోజూ పోట్లాడుకుంటారట, నిజమేనా?” అని అడిగేది. కళ్ళు మెరిసి, కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టిందా, ఆ గుమ్మం దిగేసేది. పక్కింటి గుట్టు నీకు చెప్పినవాళ్ళు నీ గుట్టు పక్కింటికి చెప్పరా? “నాకు తెలీదమ్మా, పిల్ల పాలెప్పుడు తాగుతుందో అది చెప్పు” అన్న ఒక సణుగుడు ముసలామె దగ్గర పిల్లని వదిలింది.

గొట్టం వాళ్ళు మాత్రం పైనుంచి ఊడిపడ్డారా? తమ్ముడి ల్యాప్‌టాప్‌లో మెయిలు తెరిచే ఉంది. కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ, ముందు డాలు బొమ్మ దగ్గర రాసింది: ‘మా తమ్ముడు మీ దగ్గర ఉన్నాడు. వాడేం చూస్తున్నాడో, ఎక్కడ తిరుగుతున్నాడో చెబుతారా? నేను వాడి సొంత అక్కని.’

క్షణంలో జవాబొచ్చింది: ‘మీ ప్రశ్న మాకెంతో విలువైనది!’ మళ్ళీ రాసింది. మళ్ళీ అంతే విలువైనది. నాలుగోసారి, ‘నీకు బుర్ర ఉందా?’ అని రాస్తే, ఈ నెల తగ్గింపు ధర చెప్పింది. ఛీ, మర బొమ్మ! నోరు జారడానికైనా నోరుండాలిగా.

తాళం బొమ్మ వాడు జవాబు చెప్పేముందు, ల్యాప్‌టాప్‌లో ఉన్న పేర్లూ నంబర్లూ ఫొటోలూ చూడనిమ్మని అడిగాడు. గుమ్మంలో నిలబడి మంచినీళ్ళడిగినవాడు బీరువా తాళాలు కూడా అడిగినట్టుంది. ఆవిడ ఆ కిటికీ మూసేసి, అంటు అంటుకుందేమోనని చేతులు కడుక్కుంది.

ఇక గద్ద. ‘ఏ వినియోగదారు వివరాలూ మేము దాచుకోము’ అని పేజీ నెత్తిన ఇంతలావు అక్షరాలతో రాసుకున్న గద్ద.

‘నమస్కారం అమ్మా! మీ ఆందోళన అర్థమైంది. తమ్ముడిగారి మెయిలు చెబుతారా?’

చెప్పింది.

‘ధన్యవాదాలు అమ్మా! ఆయన ఖాతా బాగానే పనిచేస్తోంది. రెండు ఫోన్లలో వాడుతున్నారు. ఆఖరుసారి మొన్న శనివారం, సముద్రం ఒడ్డు రిసార్టు నెట్ నుంచి కనెక్ట్ అయ్యారు. ఇంకేమైనా సాయం కావాలా అమ్మా?’

మొన్న శనివారం తమ్ముడు స్నేహితుడి ఆపరేషనుకి వెళ్ళాడు. కనీసం మరదలికి చెప్పి వెళ్ళింది అదే.

ఆవిడ కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకుని, జవాబు ఇంకోసారి చదివింది. కంచే చేను మేయడం విన్నది గానీ, మేసి, తేన్చి, ‘ఇంకేమైనా సాయం కావాలా’ అని అడగడం ఇప్పుడే చూసింది.

మిగిలింది బొమ్మ లేని కంపెనీ. అక్కడా తమ్ముడి సంగతే అడిగింది. కానీ అక్కడ వెంటనే పలికేవాళ్ళు లేరు. ఖాళీ గడి, కదలని పేజీ. అడ్డు చెప్పేవాళ్ళు లేని చోట ఆవిడ నోరు ఏనాడు ఆగింది గనక? ‘మీరు మంచివాళ్ళలా ఉన్నారు కాబట్టి చెబుతున్నా’ అని మొదలుపెట్టింది. పిల్ల పేరు, ల్యాబు పేరు, ఓనరు, రిపేరుకెళ్ళిన మిషను, మంచం ఎక్కిన ముసలాయన, ఆఫీసులో బావమరిది, ఒక్కటీ వదల్లేదు. పంపి, గుండె బరువు దిగినట్టు నిట్టూర్చింది.

భోజనం చేసొచ్చిన తమ్ముడితో, “నీ స్నేహితుడికి ఆపరేషను సముద్రం ఒడ్డున చేశారట్రా?” అంది.

అతని మొహంలో రంగులు మారాయి. “నీకె... నీకెవరు చెప్పారు?”

“నీ గద్ద. కళ్ళు మూసుకుని తీసుకోమన్నావుగా, నాయనా.”

సాయంత్రం ఇంటికొచ్చిన కూతురికి ఆవిడ కథంతా నటించి మరీ చూపించింది. కూతురు చాలా రోజుల తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. “అమ్మా, నువ్వు మామూలుదానివి కాదు! ఆ సైట్లు రాసేవాళ్ళందరికీ నిన్ను పంపాలి. సరే, నాలుగోవాళ్ళకేం రాశావ్?”

“వాళ్ళకి కాస్త వివరంగా రాశాలే.”

“వివరంగా అంటే?”

ఆవిడ చెప్పింది. సగంలోనే పిల్ల నవ్వు ఆగిపోయింది.

“నా పేరు కూడానా?”

“నమ్మకం కుదరాలంటే పేరు చెప్పొద్దూ...”

“అమ్మా. ఎవరికీ తెలియకూడదనే కదా ఈ గొట్టాల గోలంతా! అది మావయ్య మెయిల్లోంచి, పేరూ ఊరూ పెట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి...” కూతురు లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది.

గురివింద గింజ తన నలుపెరగదట. మధ్యాహ్నమంతా లోకంలోని నోళ్ళన్నీ పరీక్షించి ఏరిపారేసిన మనిషి, తన నోటిని పరీక్ష పెట్టాలని ఒక్కసారీ అనుకోలేదు. డాలు చెప్పలేదు, తాళం చెప్పలేదు, ఆ దిక్కుమాలిన గద్ద కూడా కూతురి మాట ఎత్తలేదు. కన్నతల్లి చెప్పింది. గద్దని తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి ఆవిడ గుమ్మంలోనే వాలాయి.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలుసు. కూతురు అడిగినదానికి ‘ఊఁ’, లేకపోతే ‘ఉహుఁ’. ఫిర్యాదు మాట లేదు. మెట్ల మీద ఓనరు ఎదురై “బాగున్నారా అమ్మా?” అంటే, తెలిసే అడుగుతున్నాడని ఆవిడ లోపలికి వచ్చి గడియ పెట్టేది. అడక్కుండా వెళ్ళిపోతే, అంతా తెలిసిపోయింది కాబట్టే అడగలేదని ఇంకో గడియ కూడా పెట్టేది. కింద ల్యాబులో జనం వస్తూనే ఉన్నారు, చేయి చాపి రక్తమిస్తూనే ఉన్నారు, అన్నీ బాగున్నాయన్న కాగితాలు పట్టుకుని వెళ్తూనే ఉన్నారు. “ఇంకా పంపుతావే?” అని ఆవిడ అడిగింది ఒక పూట. కూతురు కంచం వైపే చూస్తూ అన్నం కలుపుకుంది. “పోనీ, మానేస్తావా?” కంచం తీసుకుని లేచిపోయింది.

ఒక మధ్యాహ్నం తమ్ముడు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఈమధ్య అతని గొంతు కూడా కాస్త తగ్గింది. “మేనకోడలా, నా మెయిలుకి ఏదో వచ్చింది. మొదటి రెండు ముక్కలు చదివి ఆపేశా. ఒట్టు. మీదే.”

కూతురు తెరిచి, పైకి చదివింది.

‘అమ్మగారూ, ఆలస్యమైంది, మన్నించాలి. ఉత్తరాలు చూసేది మేమిద్దరమే. మీ తమ్ముడుగారు మా దగ్గర ఉన్నారో లేరో చెప్పం. ఎవరడిగినా చెప్పం. అలా చెప్పగలిగే వివరాలు మా దగ్గర ఉండకూడదనే ఖాతాకి పేరు, మెయిలు అడగం. ఒక అంకెల వరస ఇస్తాం, అంతే. బయటివాళ్ళ చేత ఏటా తనిఖీ చేయిస్తాం. ఆ కాగితాలు పేజీలో ఉన్నాయి, మీ అమ్మాయిని చదవమనండి. మీ ఉత్తరం చదివాను కాబట్టి చదవలేదనను. చెరిపేశాను. ఆ మాట నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఇంకెవరికీ అలా రాయకండి, మాకు కూడా. ఇంకో మాట. పనిచేసే చోట ఇచ్చిన ఫోనులో గానీ కంప్యూటర్లో గానీ ఇది పెట్టినా లాభం లేదు. ఆ ఫోనే వాళ్ళది కదా. ఫిర్యాదులో మీ అమ్మాయికి మాత్రమే తెలిసే సంగతులు రాస్తే, ఏ గొట్టమూ దాచలేదు.’

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. “వీళ్ళకి అమ్ముకోవడం చేతకాదక్కా” అన్నాడు.

“నువ్వు నోరు మూసుకోరా.”

కూతురు ఉత్తరాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుకుంది, ఈసారి మనసులోనే. తర్వాత తనిఖీ కాగితాలు తెరిచింది. తమ్ముడు కుర్చీ అంచున కూర్చున్నాడు. కింద ల్యాబులో ఎవరినో పేరు పెట్టి పిలిచారు, ఎవరో లేచి లోపలికి వెళ్ళారు. ముందుజాగ్రత్తమ్మ అడగాల్సింది నాలుక చివరదాకా వచ్చింది. పళ్ళ మధ్య నొక్కి పట్టి, చీర కొంగు మెలిపెడుతూ కూర్చుంది. అలా ఎంతసేపైనా కూర్చోవడం తనకి చేతవుతుందని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

“మిషను రిపేరుకెళ్ళిన సంగతి ల్యాబులో అందరికీ తెలుసు,” అంది కూతురు చివరికి, తల్లి వైపు తిరిగి. “అదొక్కటే రాస్తా. నీ ఫోను ఇలా ఇవ్వమ్మా. ల్యాబు వాళ్ళది కానిది మనింట్లో అదొక్కటే.”