శాన్ హువాన్‌కు వెళ్లిన రైస్ కుక్కర్

శాన్ హువాన్‌లో దిగిన సాయంత్రం ఫెబీ హోటల్ గదిలో పెట్టె తెరిచి చూస్తే, తువ్వాళ్ల కింద రైస్ కుక్కర్ కనబడింది. దాని పక్కన చిన్న సంచిలో సోనా మసూరి బియ్యం, రెండు కవర్లు చుట్టిన ఆవకాయ సీసా. చూడగానే ఆమె ప్రాణం ఉసూరుమంది.

భార్యాభర్తలిద్దరూ అమెరికాలో తాముండే బెంటన్‌విల్ నుంచి పెళ్లిరోజు జరుపుకోవడానికి వచ్చారు. ఊరు ఎంచింది సుందర్ రాజ్. సముద్రం ఉంది, విదేశానికి వెళ్లినట్టూ ఉంటుంది, అమెరికా కిందికొచ్చే దీవే కాబట్టి వీసా స్టాంపింగ్ గొడవా లేదు. ఫెబీ మాత్రం ఒకే ఒక్క షరతు పెట్టింది. ఇక్కడున్నన్నాళ్లూ తను వంట జోలికి వెళ్లదు. ఆఫీస్ నుంచి రాగానే వంట, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో అందరికీ పెట్టే బిర్యానీ కూడా ఆమె చేతి మీదుగానే. ఎవరో వడ్డిస్తే తీరిగ్గా కూర్చుని తిని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. ఈ ప్రయాణంలో ఆమె కోరుకున్నది అదొక్కటే.

"ఇదేంటండీ?" అంది కుక్కర్ చూపించి.

"ఎమర్జెన్సీకి. బయట ఫుడ్ పడకపోతే?"

"వండనని ముందే చెప్పాను కదా."

"వండమని ఎవరన్నారు? కుక్కర్‌లో బియ్యం పడేయడం కూడా ఒక వంటేనా ఫెబీ?"

సుందర్ రాజ్ మంచివాడే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, అంతే. కానీ ఆ మాట ఫెబీకి చురుక్కుమంది. "అయితే మీరే పడేయండి" అని బాల్కనీలోకి వెళ్లి, సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

ఆయన పడేశాడు. బియ్యం కడిగాడో లేదో దేవుడికే తెలియాలి, నీళ్లు మాత్రం ఉదారంగా పోశాడు. అన్నం కాస్తా జావ అయింది. అందులో ఆవకాయ కలుపుకుని, చాలా బాగుందన్న మొహం పెట్టి తిన్నాడు. ఫెబీ కిందికి వెళ్లి రోడ్డు పక్కన ఎండుచేప వేసిన బజ్జీలు కొనుక్కుని తింది. ఆ ఉప్పదనం నాలిక్కి తగలగానే చిన్నప్పటి మచిలీపట్నం గుర్తొచ్చింది. కానీ ఒక్కతే నిలబడి తినడంతో ఆ రుచి సగమే అయింది.

మర్నాడు మధ్యాహ్నం సుందర్ రాజ్ తనంతట తనే బయటికి వెళ్దామన్నాడు. జావ రెండోపూట తినే ధైర్యం ఆయనకు లేదు. సందు చివర నాలుగు బల్లల హోటల్‌లో కూర్చున్నారు. వంటచేసే పెద్దావిడే వచ్చి, మొఫోంగో తినమని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి వెళ్లింది. కాసేపటికి చెక్క రోలుతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది. వేయించిన పచ్చి అరటికాయను వెల్లుల్లితో దంచి, నడుమ రొయ్యల పులుసు పోశారు.

సుందర్ రాజ్ చొక్కా జేబులోంచి ఆవకాయ పొట్లం తీశాడు. ఫెబీ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆయన ఒక ముద్ద ఉత్తదే రుచి చూశాడు. ఇంకో ముద్ద తిన్నాడు. విప్పని పొట్లం మళ్లీ జేబులోకి వెళ్లిపోయింది.

"అరటికాయ ఇంత బాగుంటుందా? ఎలా చేస్తారో అడగనా?"

"అడగండి."

అడిగినందుకు పెద్దావిడ ఆయన్ని వంటగదిలోకి తీసుకెళ్లి, రోకలి చేతికిచ్చింది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదు కదా. లోపలి నుంచి దంచుడు చప్పుడు, మధ్యమధ్య ఆవిడ కేకలు వినబడుతున్నాయి. ఫెబీ కుర్చీలో వెనక్కి వాలి, చల్లటి కొబ్బరినీళ్లు తాగుతూ కూర్చుంది. లోపల ఏం మాడుతోందో, ఏం పొంగుతోందో తను చూడక్కర్లేదు. ఆ మధ్యాహ్నం ఆమెకు చాలా సుఖంగా అనిపించింది.

చెమటతో తడిసిన చొక్కాతో సుందర్ రాజ్ బయటికొచ్చి, తను దంచిన మొఫోంగో భార్య ముందు పెట్టాడు. కూర్చోకుండా పక్కనే నిలబడ్డాడు. ఇంట్లో రోజూ ఫెబీ నిలబడేది అలాగే.

"ఎలా ఉంది?"

"ఉప్పు తగ్గింది" అంటూనే ఆమె ఇంకో ముద్ద తీసుకుంది.

"చేతులు పడిపోయాయి ఫెబీ. వెల్లుల్లి వలవాలి, అరటికాయ వేడి మీదే దంచాలి, అది చల్లారేలోపు పులుసు చూసుకోవాలి. మామూలు పని కాదిది."

ఫెబీ నింపాదిగా నమిలి మింగి, మొగుడి మొహంలోకి చూసింది.

"అరటికాయ దంచడం కూడా ఒక వంటేనా అండీ?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. తర్వాత వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి, ఆమె పళ్లెం పక్కన పెట్టి, అప్పుడు కూర్చున్నాడు.