వెలిగించని చుట్ట

పుల్లమ్మ నోట్లో తెల్లమచ్చ ఉందని కనిపెట్టింది దేవకుమారి. చుట్టలూ సారా మానిపిస్తే జనం ఆరోగ్యం ఎంత బాగుపడుతుందో చూడాలని, ఎనభై నాలుగు ఎండాకాలంలో మార్టూరు చుట్టుపక్కల ఊళ్లు తిరిగిన పరిశోధన బృందంలో ఆ పిల్ల నర్సు.

"పిన్నీ, చుట్ట మానకపోతే ఈ మచ్చ కేన్సర్ కావచ్చు. మానేస్తే తగ్గే వీలుంది" అని ఉన్నమాట చెప్పేసింది.

పుల్లమ్మకి భయమేసింది. పెళ్లయిన కొత్తలో అత్తగారు అలవాటు చేసిన చుట్ట. అయితే మాత్రం, ప్రాణం కంటే ఎక్కువా? ఇంట్లో ఉన్న చుట్టలన్నీ తీసుకెళ్లి పొయ్యిలో పడేసింది.

నోరు ఎలాగో మాట విన్నది. విననిదల్లా నడుమే.

పుల్లమ్మది మిరప కళ్లంలో కాయలకు తొడిమలు తీసే పని. పొద్దున కూర్చుంటే మళ్లీ లేచేది అన్నాలకే. మేస్త్రి యలమందయ్యకి మిరపకాయల దగ్గర నిప్పంటే హడలు. అందుకని చుట్ట కాల్చేవాళ్లు బయట వేపచెట్టు కిందికి పోయి కాల్చుకు రావచ్చన్నాడు. బాగానే ఉంది. మరి కాల్చనివాళ్ల సంగతి? ఊరికే లేచి నిలబడ్డ ఆడదాన్ని చూస్తే ఆ మహానుభావుడికి ఒళ్లు మండిపోయేది. అందుకే ఆ కళ్లంలో కొత్త కోడళ్లు కూడా ఇట్టే చుట్ట నేర్చేసుకునేవాళ్లు. పాపం దేవకుమారి పుండ్లు పడ్డ నోళ్ల బొమ్మలు చూపించి గొంతు చించుకునేదే తప్ప, ఎందుకు కాలుస్తున్నారని ఒక్కర్నీ అడగలేదు.

పుల్లమ్మ నాలుగు రోజులు పళ్ల బిగువున కూర్చుంది. ఇక నడుం విరిగిపోతుందనిపించి, పక్కనున్న కొండమ్మ దగ్గర ఓ చుట్ట అడిగి నోట్లో పెట్టుకుని చెట్టు కిందికి నడిచింది. వెలిగించలేదు. హాయిగా కాళ్లు చాపుకుంది.

సరిగ్గా అప్పుడే వచ్చింది దేవకుమారి. "పిన్నీ! మళ్లీ మొదలెట్టావా?" ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ముట్టిచ్చలేదే పిచ్చిదానా! ఇది లేకుండా లేస్తే మేస్త్రి ఊరుకోడు."

దేవకుమారి వచ్చి పక్కన కూర్చుంది. "వెలిగించకపోయినా ఆ రసం లోపలికి పోతుంది పిన్నీ. రేపో మాపో వెలిగిస్తావు కూడా."

నిజమేనని పుల్లమ్మకి తెలుసు. తనతోపాటు చెట్టు కిందికొచ్చిన కొండమ్మ వదిలే పొగకే ప్రాణం లాగేస్తోంది.

అంతలో యలమందయ్య రానే వచ్చాడు. "ఏందే పుల్లమ్మా, ఎంతసేపు? ఆరిపోయిందా? ఇదిగో, ముట్టిచ్చుకుని తొందరగా కానీ" అంటూ అగ్గిపుల్ల గీసి మూతి దగ్గర పెట్టాడు.

ఒక్క పీల్పు చాలు. పుల్లమ్మ ఆ మంట వంక చూసింది. చుట్ట తీసి అవతల పారేసింది.

"నాకు చుట్టొద్దయ్యా. నడుం పీకతంది, అందుకు లేచా. రేపూ లేస్తా."

ఆ కళ్లంలో అంతవరకూ ఎవరూ అనని మాట అది.

"నాదీ నడుమే మేస్త్రీ" అంది కొండమ్మ, చుట్ట నేలకి రాసి ఆర్పేసి. లోపల్నుంచి ఇంకో ఇద్దరు లేచొచ్చారు, చేతుల్లో చుట్టల్లేకుండానే.

యలమందయ్య నోరు తెరుచుకుని చూస్తుండగా అగ్గిపుల్ల కాస్తా వేలు కాల్చింది. చెయ్యి విదిలించుకుంటూ, "సరే ఏడవండి, కాసేపు కూర్చుని రండి" అని లోపలికి పోయాడు.

నడుం నొప్పని చెప్పుకోవడం ఇంత తేలికని ఇన్నేళ్లూ తెలియనందుకు పుల్లమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దేవకుమారి చెయ్యి పట్టుకుని, ఆ నీడలో రెండూ తనివితీరా చేసింది.