ఒకే కాలు రెండుసార్లు

"కుడి, కుడి, ఎడమ!"

ఇటిక్యాల నుంచి కోలాటం నేర్పడానికి వచ్చిన మల్లమ్మ తాళం వేస్తూ అడుగు చూపించింది. కుడి మడమతో నేలను రెండుసార్లు కొట్టాలి, తరువాత ఎడమతో ఒకసారి. చిన్నపిల్లలకైనా వచ్చే అడుగే. పుష్పమ్మకు మాత్రం రాలేదు. ఆమె కాళ్లు కుడి, ఎడమ, కుడి అని పోయాయి. చేతిలోని కోల పక్కామె వేళ్లకు తగిలింది.

గద్వాలలోని ఆ నేతగాళ్ల వీధిలో మగవాళ్లు కూర్చుని నేసే మగ్గం గుంతలోకి దిగిన ఆడది పుష్పమ్మ ఒక్కతే. భర్త బాలకిష్టయ్య కుడిచేయి విరిగి, పనికి రాకుండా పోయి రెండేళ్లయింది. యుద్ధం మూలంగా నూలే సరిగా దొరకని రోజులు. దొరికిన నూలైనా నేయకపోతే పొయ్యి వెలగదు. అందుకే దిగింది. దిగిన నాటి నుంచి వీధిలో ఆడవాళ్లెవరూ ఆమెను పసుపు దంచడానికి పిలవలేదు, నలుగుకు పిలవలేదు. ఈసారి జాతరలో ఆడడానికి పదహారో మనిషి దొరక్క పిలిచారు. ఈ వరుసలోనూ నిలవలేకపోతే ఇక ఎప్పటికీ పిలవరని ఆమెకు తెలుసు.

"ఏమే పుష్పమ్మా, అవి కాళ్లా, కట్టెలా?" అంది మల్లమ్మ.

"ఏం జేయాలె అత్తా! మగ్గంల ఒకటే కాలు రెండుమార్లు తొక్కితే ఏసిన పోగు ఊడి మళ్ల చేతికొస్తది. గట్ల తొక్కొద్దని కాళ్లకు నేర్పిన. ఇప్పుడు ఇంటలేవు."

ఎదురుగా నిలబడ్డ, ఆడబిడ్డ వరుసయ్యే భాగ్యలక్ష్మి కిసుక్కున నవ్వింది. "ఎట్ల ఇంటయి? వదినెవి మగోళ్ల కాళ్లయినయి. అన్నేమో ఇంట్ల కూసోని ఆడోళ్ల లెక్క నూలు కండెలు చుడుతుండు. పైట ఒక్కటే తక్కువ!"

అందరూ నవ్వారు. పుష్పమ్మ ఒళ్లు భగ్గుమంది.

"నీ నోరు పడిపోను! మీ ఇంటి కప్పు ఏస్త ఏస్త పడితే ఇరిగిందే ఆ చెయ్యి! మరిచినవా? నీకు నీడ కావాలె, ఆయన చెయ్యి పోవాలె, నేను గుంతల దిగొద్దు! మరేం తినాలెనే, మన్నా?"

కుడి మడమ నేలను గుద్దింది. మళ్లీ గుద్దింది. వెంటనే ఎడమది. దుమ్ము లేచింది. నవ్వులు ఆగిపోయాయి.

"ఇప్పుడేం తొక్కినవో ఎరికేనా?" అంది మల్లమ్మ.

"దీని తలకాయ తొక్కుదామనుకున్న."

"గదే అడుగు. మళ్ల తొక్కు."

తొక్కింది. తప్పలేదు. చీకటి పడేదాకా తాళం ఆగలేదు. పుష్పమ్మ కోల వచ్చి తగిలినప్పుడల్లా భాగ్యలక్ష్మి అరచెయ్యి మండిపోయింది.

"జర మెల్లగ, వదినే."

"గట్టిగ పట్టుకో," అంది పుష్పమ్మ. మెల్లగా మాత్రం కొట్టలేదు.

తాళాలు మూటగడుతూ మల్లమ్మ అంది: "పుష్పమ్మా, రేపు జల్ది రా. ముందల వరసల నిలబడాలె."

మరునాడు పొద్దున్నే మగ్గంలో కూర్చుంది. పోగును లాక్కుంటూ నాడె అటు పోయింది. కుడికాలు తొక్కి ఉంది. మళ్లీ కుడికాలే తొక్కింది. నాడె ఇటు వచ్చేసరికి వేసిన పోగు ఊడి వదులుగా చేతికొచ్చింది. పుష్పమ్మ గట్టిగా తిట్టింది.

ఎడమచేత్తో కండె చుడుతున్న బాలకిష్టయ్య తలెత్తాడు. "ఏందే, పొద్దుగాల్నే ఎవర్ని తిడుతున్నవ్?"

"నా కాళ్లను," అంటూ ఆమె ఎడమకాలు తొక్కింది.