పైకప్పు రంగు మేడమ్ ఇష్టం

"ఆ బకెట్ కాస్త అటు జరుపు. చప్పుడుకి వార్తలు వినపడటం లేదు" అన్నాడు మా ఆయన ముందుగదిలోంచి.

బకెట్ జరపడానికి వీల్లేదు. ధార సరిగ్గా పొయ్యి పక్కన పడుతోంది. అడుగున పాతగుడ్డ ఒకటి వేశాను. చప్పుడు తగ్గింది, ఆయనకి వార్తలు వినపడ్డాయి. ఈ ఇంట్లో వాన మొదలైందంటే నాకు రెండో ఉద్యోగం మొదలైనట్టే. బకెట్లు పెట్టాలి, నిండినవి పారబోయాలి, ఉప్పూ పిండీ డబ్బాలు ఎత్తి పక్కగదిలో పెట్టాలి, బూజు పట్టిన గోడ తుడవాలి, మధ్యలో వంట కూడా చెయ్యాలి. ఒకసారి గొడుగు పట్టుకుని కూర కలుపుతుంటే ఆయన ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు. వాళ్ళు పడీ పడీ నవ్వారట. నేనూ నవ్వాను. నవ్వకపోతే ముక్కోపి అంటారు. నవ్వినా అంటున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఈసారి వానలు తగ్గగానే కప్పు పని చేయించాల్సిందేనని అనుకున్నారు. అనుకున్నది ఇద్దరు, మా ఆయనా, వాళ్ళమ్మా. ఆయనకేమో దేశమంతా బ్రాంచీలున్న కంపెనీ కావాలి. "వాళ్ళది పద్ధతి. యూనిఫాం, గ్యారంటీ, అన్నీ రాతపూర్వకంగా ఉంటాయి." అత్తయ్యకేమో పక్కవీధి మేస్త్రీ కావాలి. "మనవాడు. పిలిస్తే పలుకుతాడు. ఆ కంపెనీవాడు ఎవడో, వాడి మొహం ఎలా ఉంటుందో!" తల్లీకొడుకులు భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. నేను ఇద్దరికీ వడ్డిస్తూ వినేదాన్ని. తడిసేది నా వంటగది. అయినా నీకెవరు కావాలని ఒక్కరూ అడగలేదు. అడిగుంటే ఏం చెప్పేదాన్నో అప్పటికి నాకూ తెలీదు, కానీ అడగలేదన్న మంట మాత్రం అలాగే ఉండిపోయింది.

మొదట కంపెనీ ఆయన వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా. నిచ్చెన కూడా అడగలేదు, డ్రోన్ ఎగరేసి ఫోటోలు తీశాడు. పెంకులన్నీ పీకేసి కొత్త రేకులు వెయ్యాలన్నాడు. నేను టీ కప్పులు పెడుతూ, "అసలు నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయండీ?" అన్నాను. ఆయన నావైపు చూసి మర్యాదగా నవ్వి, బ్యాగులోంచి రంగుల అట్ట తీశాడు. "ఇది మీ డిపార్ట్‌మెంట్ మేడమ్. ఇటుకరంగు, ఆకుపచ్చ, బూడిదరంగు. మీకేది నచ్చితే అది." మా ఆయన ఎంతో ఉదారంగా, "అవునవును, రంగు మాత్రం తన ఇష్టమే" అన్నాడు. ఆ "మాత్రం" అన్న మాటకి చేతిలో ట్రే ఆయన నెత్తిన పెట్టబుద్ధేసింది.

పోనీ మేస్త్రీ నయమా అంటే, అతనూ అంతే. అతను కప్పెక్కాడు, తిరిగాడు, దిగాడు. ఏమైందని నేనడిగితే, "అయ్యగారు వచ్చాక చెప్తాలెండమ్మా. మీకు అర్థం కాదు" అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఇతను ఏటా వచ్చి పొయ్యికి సరిగ్గా పైనున్న పెంకులే మారుస్తాడు. ఏటా పొయ్యి పక్కనే కారుతుంది. అతను రావడం, నేను టీ ఇవ్వడం, వాన రావడం, నేను బకెట్ పెట్టడం. ఈ తంతులో నా వంతు పని మాత్రం ఏనాడూ తప్పలేదు.

నాకు అర్థం కాదట! నేను పనిచేసేది రెయిన్‌కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో. తనిఖీ పని. ప్రతి లాట్‌లోంచీ కోట్లు తీసి, నీళ్ళు పోసి, చెమ్మ ఎక్కడ లోపలికొస్తోందో పట్టుకోవడమే నా పని. చెమ్మ కనపడేది జేబు దగ్గరైతే, నీళ్ళు దూరేది ఎక్కడో భుజం కుట్టు దగ్గర ఉంటుంది. నీళ్ళు కుట్టు పట్టుకుని లోలోపల జారి, ఆగిన చోట బయటపడతాయి. కొత్తగా చేరినవాళ్ళందరూ జేబు కుట్టు విప్పేస్తారు. నేను విప్పను. కింద నుంచి కొంచెం కొంచెంగా తడుపుతూ పైకి పోతాను. నేను పాసు చేసిన కోటు ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు. మా సూపర్‌వైజర్ దీన్ని "ఆడవాళ్ళ ఓపిక" అంటాడు. పనితనం అంటే జీతం పెంచాలి కదా, ఓపిక అనేస్తే సరిపోతుంది. ఇంట్లోనూ ఇదే మాట. మా కోడలికి ఓపిక ఎక్కువ అని అత్తయ్య అందరికీ గొప్పగా చెప్తుంది. నాకు ఓపిక లేదు. నాకున్నది ఒళ్ళంతా కోపం, చేతుల్లో పనితనం.

అందుకే సెలవురోజు, మా ఆయన బయటికెళ్ళాక, పంపుకి పొడుగు గొట్టం తగిలించి మేడగదిలోకి తీసుకెళ్ళాను. ఆ గది కిటికీ తీస్తే వంటింటి కప్పంతా చేతికందేంత దగ్గర. అత్తయ్యని వంటింట్లో నిలబెట్టాను. "మీరు పైకి చూస్తూ ఉండండి. కారిందంటే కేకెయ్యండి."

"నీకేమైనా పిచ్చా? ఎండపూట కప్పుకి స్నానం పోస్తావా!"

"పోస్తాను. మీరు చూడండత్తయ్యా, చాలు."

ముందు చూరు దగ్గర తడిపాను. బాగా నాననిచ్చి, "కారిందా?" అని అరిచాను. "లేదు!" అని జవాబు. పొయ్యి మీది పెంకులు తడిపాను, మేస్త్రీ ఏటా మార్చేవి. "లేదు!" అంది అత్తయ్య, ఈసారి కాస్త ఆశ్చర్యంగా. ఇంకా పైకి వచ్చాను. లేదు. చివరికి కిటికీ కిందే, పెంకుల వరస మేడగది గోడకి ఆనుకునే చోట గొట్టం పెట్టాను. గోడకీ పెంకులకీ మధ్య పూసిన సిమెంటు ఎప్పుడో బీటలు వారింది. నీళ్ళు అక్కడ నిలవలేదు, కిందికీ పారలేదు. ఎటు పోయాయో కనపడలేదు. గొట్టం అక్కడే నొక్కి పట్టాను.

"పడింది! అమ్మాయ్, పడింది! పొయ్యి పక్కనే పడింది!"

ఇల్లు కారుతుంటే అంత సంబరపడ్డ ఆడవాళ్ళు ఎక్కడా ఉండరేమో. నేను పరిగెత్తుకుంటూ దిగేసరికి అత్తయ్య వాసం వెంట వేలు చూపిస్తూ ఉంది. నీళ్ళు గోడ దగ్గర దూరి, వాసం పట్టుకుని జారి జారి, పొయ్యి పక్కన చుక్కలుగా రాలుతున్నాయి. సాక్షాత్తూ నా కోటు భుజమే! అత్తయ్య తడిసిన చెంగు పిండుకుంటూ, "ఇన్నేళ్ళు పొయ్యి మీద పెంకులే మార్చాం కదే" అంది. ఆ "మార్చాం"లో మొదటిసారి నన్నూ కలిపేసుకుంది. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఎవరూ మెచ్చుకోకముందే నాకు నేనే నచ్చాను.

ఆ సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేశాను. పనయ్యాక నేను నీళ్ళు పోసి చూస్తాను, కారకపోతేనే పని ఒప్పుకుంటాను, సరేనా అన్నాను. "మా విధానంలో అలాంటిది లేదు మేడమ్. ఏదైనా ఉంటే టోల్‌ఫ్రీకి కంప్లయింట్ ఇవ్వచ్చు." పని చేసేది ఎవరని అడిగితే, ఇక్కడి మేస్త్రీలనే మాట్లాడుకుంటామన్నాడు. అంటే యూనిఫాం ఒక్కటే పైనుంచి వస్తుంది.

తర్వాత మేస్త్రీ ఇంటికి నేనే వెళ్ళాను. బీటలు వారిన చోటు చెప్తే, "అది నాకు తెలుసమ్మా" అన్నాడు తల గోక్కుంటూ. తెలిసే ఇన్నేళ్ళు పొయ్యి మీద పెంకులు మార్చావా అని అడిగితే నవ్వేశాడు. నీళ్ళ పరీక్ష అనగానే నసిగాడు, ఆడవాళ్ళు కప్పు దగ్గరికెందుకన్నాడు, అయ్యగారితో ఓ మాట అన్నాడు. "మాట నాతోనే. కారితే మళ్ళీ నీ గుమ్మంలోకొచ్చి నిలబడేదీ నేనే" అన్నాను. చివరికి సరేనమ్మా అన్నాడు. అతనేమీ మహానుభావుడు కాదు. కానీ తప్పు చేస్తే తలుపు తట్టడానికి నాలుగడుగుల్లో ఉన్నాడు. నాకు కావాల్సింది ఆ తలుపే.

మా ఆయనకి అంతా చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఫోన్ చూసుకుని, "బాగానే కనిపెట్టావు. కానీ కంపెనీకి మాటిచ్చేశాను. రేపు సంతకాలకి వస్తున్నాడు. ఇప్పుడు కాదంటే నా పరువేం కావాలి?" అన్నాడు. ఇల్లు మా ఇద్దరి పేరా ఉంది, ఇంటి అప్పుకి నా జీతం కూడా కావాల్సొచ్చింది కాబట్టి. అందుకని కాగితాల మీద నా సంతకం కూడా కావాలి. ఇంతవరకూ ఆయన వేలు ఎక్కడ పెడితే అక్కడ పెట్టాను సంతకం. నేను పెట్టకపోతే ఏమవుతుందని ఆయనెప్పుడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ అనుకోలేదు.

మర్నాడు కంపెనీ ఆయన వచ్చాడు. మా ఆయన సంతకం పెట్టి, కాగితాలు నావైపు తిప్పి, అలవాటుగా వేలు పెట్టాడు. నేను కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను. ఇద్దరూ కాలు ఆడిస్తూ కూర్చున్నారు. గోడ దగ్గరి బీట గురించి అందులో ఒక్క ముక్క లేదు. కలం మూతపెట్టి బల్ల మీద పెట్టాను.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి. "నలుగురిలో ఇదేంటి? తర్వాత మాట్లాడుకుందాం. ముందు పెట్టు."

కాగితాలు మళ్ళీ ఆయన వైపే తోశాను. ఆయన సాయం కోసం గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మ వైపు చూశాడు. "నన్ను చూస్తావేంరా? కారేది ఎక్కడో చూపించింది తనే. తననే అడుగు" అంది అత్తయ్య.

కంపెనీ ఆయన ఇబ్బందిగా కదిలి, మళ్ళీ మా ఆయన్నే అడిగాడు. "మరి ఆఫీసులో ఏమని రాయమంటారు సార్?"

మా ఆయన తను పెట్టిన సంతకం వైపు చూసుకున్నాడు.

"ఇల్లుగలావిడ ఒప్పుకోలేదని రాసుకోండి" అన్నాను.